తుఫాను లేకున్నా ఎగసే కెరటాలు.. ఉప్పాడలో అలా, కాకినాడ పోర్టులో ఇలా ఎందుకు?

ఆకాశం క్లియర్‌గా ఉంటుంది. గాలి కూడా పెద్దగా ఉండదు. అయినా ఒక్కోసారి ఉప్పాడ బీచ్ రోడ్డు మీదకు కెరటాలు దూకుతాయి. అదే టైమ్‌లో దక్షిణాన ఉన్న కాకినాడ పోర్టులో నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. సముద్రం ఒక్కటే.. మరి ఈ తేడా ఎందుకు?

దూరం నుంచి వచ్చే అల
ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో గాలులు లేపిన అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, కొన్ని రోజుల తర్వాత మన తీరానికి చేరతాయి. వీటినే స్వెల్ అలలు అంటారు. అందుకే ఇక్కడ వాతావరణం బాగున్నా సముద్రం అల్లకల్లోలంగా మారుతుంది.

ఒడ్డు దగ్గర అసలు కథ
లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదిస్తుంది, పైకి లేస్తుంది, దిశ కూడా మార్చుకుంటుంది. 2 మీటర్ల అల సుమారు రెండున్నర మీటర్ల లోతులో విరిగిపడుతుంది. ఇసుక మేటలు వేసిన గోదావరి మొగల దగ్గర బోట్లకు ప్రమాదం ఇక్కడే.

కాకినాడకు సుమారు 16 కిలోమీటర్ల పొడవైన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె సహజమైన అడ్డుగోడ. ఉప్పాడకు ఆ రక్షణ లేదు. పైగా ఆ తిన్నె వల్ల దిశ మారిన అలల శక్తి ఉప్పాడ వైపు చేరుతోందని, అక్కడి కోతకు ఇదీ ఒక కారణమని పరిశోధకులు చెబుతున్నారు.

లెక్క కట్టేది ఇలా
హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ దేశ తీరాలకు అలల అంచనాలు ఇస్తుంది. గాలుల డేటాతో ముందు నడిసముద్రంలో అలలను లెక్కిస్తారు. ఒడ్డు దగ్గరికొచ్చేసరికి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ తయారుచేసిన ‘స్వాన్’ లాంటి మోడళ్లు వాడతారు. వీటికి సముద్రగర్భం లోతు వివరాలు తప్పనిసరి. వరద వచ్చాక మొగ దగ్గర మేటలు మారిపోతాయి. పాత కొలతలే వాడితే లెక్క తప్పుతుంది.

హార్బర్‌కు ఎందుకు?
2020లో ఉప్పాడ ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన జరిగింది. ఇలాంటి చోట అడ్డుగోడ ఏ దిశలో కట్టాలి, బోట్లు ఎటు నుంచి రావాలి, ఇసుక ఎక్కడ చేరుతుంది అనేవి ముందే మోడల్‌లో చూసుకోవాలి. గోడ తప్పుగా కడితే లోపల అలజడి తగ్గదు, పక్క ఊరి ఒడ్డు కోతకు గురవుతుంది.

బులెటిన్‌లో ‘2 మీటర్లు’ అంటే?
చాలామంది పొరబడేది ఇక్కడే! అది గరిష్ఠ ఎత్తు కాదు. మొత్తం అలల్లో అతి ఎత్తైన మూడో వంతు అలలకు తీసిన సగటు. ఆ మధ్యలో ఒక్కో అల దాదాపు 4 మీటర్లు కూడా లేవొచ్చు. ఎత్తు రెట్టింపైతే అల శక్తి నాలుగు రెట్లవుతుంది.

అందుకే వేటకు వెళ్లేవాళ్లు ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. అలలు ఏ దిశ నుంచి వస్తున్నాయి, స్వెల్ హెచ్చరిక ఉందా, మొగ దాటే టైమ్‌కి పోటా, పాటా అన్నది కూడా చూసుకోవాలి. గాలి లేదు కదా అని బయల్దేరితే.. తిరిగొచ్చేటప్పుడు మొగ దగ్గరే ముప్పు ఎదురుకావొచ్చు.