మజ్జిగ లేని రోజు అంబలి

ఈ ఎండాకాలం మన సంఘం భోజనాలకు పాలు, నెయ్యి లేని వంటలు కావాలని పిల్లలు అడుగుతున్నారు. దానికి వీగన్ అని పేరట. మన పావగడ తాలూకా మెట్ట రైతుల ఇళ్లలో ఏ పేరూ లేకుండానే అది రోజూ నడిచింది. రాగిముద్ద, ఉలవచారు, చెనిక్కాయల ఊరిబిండి. పొద్దున్నే అంబలి. పాడి లేని ఇంట్లో మజ్జిగకు బదులు ఉప్పు, ఉల్లిపాయ.

మేము బడిలో తమిళం చదివినవాళ్లం. అక్కడ రాగిని కేళ్వరగు అంటారు, అంబలిని కూళు అంటారు. పేర్లు వేరు, కుండ ఒకటే. అయితే ఆ కుండలోవన్నీ ఇక్కడ పుట్టినవి కావు. రాగి ఆఫ్రికాది. చెనిక్కాయ, మిరపకాయ అమెరికా ఖండాలవి. 1498లో వాస్కో డ గామా వచ్చిన తర్వాతే అవి మన దేశం చేరాయి.

మన నేలవి ఉలవలు, అండుకొర్రలు. బళ్లారి దగ్గర సంగనకల్లు తవ్వకాల్లో సుమారు 4 వేల ఏళ్ల నాటి మాడిన గింజలు దొరికాయి. అంత పాత పంట అండుకొర్ర. చెనిక్కాయ డబ్బు పంట అయ్యాక దానికి చేలల్లో చోటు తగ్గింది. 2018లో మొదలైన సోలార్ పార్కు కింద సుమారు 13 వేల ఎకరాలు ఉన్నాయి. వానలు లేని ఊళ్లకు ఆ కౌలు ఆసరా, తప్పు పట్టడం లేదు. కానీ నేలలో పడని విత్తనం నిలవదు.

అందుకే ఈసారి కేటరింగ్ వద్దు. ఇంటికొక వంటకం తెండి. దంచని అండుకొర్రలు ఎవరింట్లో ఉన్నా చెప్పండి. సగం దంచి వండుదాం, సగం విత్తనానికి ఉంచుదాం.