పరిశోధన విద్యార్థులు – వారి పోషణ



నేడు నేను ప్రసంగింపనున్నది పరిశోధన చేయు యువకులకు, యువతులకు సంఘమిచ్చు వేతనమును గూర్చి. దీనినే ఇంగ్లీషు చదువరులు ఫెలోషిప్పు అనుచున్నారు. ఇది ఉద్యోగపు జీతము కాదు. బీదవిద్యార్థికి ఫీజు తగ్గించు దయాదత్తియు కాదు. పరీక్షలన్నియు ముగించి, ఇంతవరకు ఎవ్వరును సమాధానము చెప్పని యొక ప్రశ్నను చేపట్టి, దానిని వెదకుటకై కొన్ని సంవత్సరములను ధారపోయువానికి, ఆ కాలమున గ్రాసమునకు లోటు రాకుండ ఇచ్చు ధనమే ఫెలోషిప్పు.

మన పల్లెలలో బిడ్డ ఇంజనీరింగు గాని, ఎం.ఎస్సి. గాని ముగించి పరిశోధనకు పోదునన్నచో, ఇంటివారు మొదట అడుగు మాట యిది: "ఇంకను చదువేమి? సంపాదన యెప్పుడు?" ఈ ప్రశ్న అన్యాయమైనది కాదు. అప్పుచేసి చదివించిన తండ్రి అడుగదగిన ప్రశ్నయే. కాని దీనికి సమాధానము కోపముతో గాని, గర్వముతో గాని చెప్పదగదు. పూర్వులేమి చేసిరో, దానివలన ఏమి ఫలించెనో చూచి చెప్పవలెను.

విద్వాంసుని పోషించుట మనకు క్రొత్త గాదు. కాకతీయుల కాలపు మల్కాపుర శాసనము క్రీ.శ. 1261వ సంవత్సరమునాటిది. గణపతిదేవుడును, రుద్రమదేవియు విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణాతీరమున గ్రామముల నిచ్చినట్లును, ఆ ఆదాయముతో విద్యామఠము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచినట్లును అందు కలదు. వేదము, వ్యాకరణము, తర్కము చెప్పు గురువులకును, వైద్యునకును అందే వృత్తులు ఏర్పడినవి. చెరువు కట్టించిన వానికి దాని క్రింది భూమిలో పదియవ వంతు మాన్యముగా నిచ్చు దశబంధమను ఆచారమును పెద్దలలో చాలమంది యెరుగుదురు. జలవిద్య తెలిసినవాని కుటుంబము పస్తుండరాదని ఆనాటివారు తలచిరి. ఆ తలంపు లేకున్నచో మన పాఖాలలు, రామప్ప చెరువులు ఏడు నూర్లేండ్లు దాటి నిలిచియుండునా?

అయినను పూర్వపు వృత్తికిని నేటి ఫెలోషిప్పునకును ఒక భేదము కలదు. వృత్తి పొందిన పండితుడు తానెరిగిన విద్యను నిలిపి, శిష్యులకు అందించెను. ఫెలోషిప్పు పొందినవాడు ఎవ్వరును ఎరుగని దానిని వెదకవలెను. వెదకినవానికెల్ల దొరకునను నియమము లేదు. కావున ఈ దానమునకు ధైర్యము ఎక్కువ కావలెను.

మన హైదరాబాదు సంస్థానమునకు ఈ విధమైన విద్య తొలుత వచ్చినది అఘోరనాథ చట్టోపాధ్యాయులవలన. ఆయన వంగదేశీయుడు. గిల్‌క్రిస్టు విద్యార్థివేతనముతో ఎడింబరో నగరమునకు పోయి, రసాయనశాస్త్రమును అభ్యసించి, డి.ఎస్సి. పట్టమును పొందెను. పిదప హైదరాబాదునకు వచ్చి, నేడు నిజాము కళాశాలయని పిలువబడు విద్యాలయమునకు మూలమైన కళాశాలను నడపెను. ఆయన కుమార్తెయే సరోజినీదేవి. ఆమెయు 1895లో నిజాము ప్రభుత్వపు వేతనముతో ఇంగ్లండునకు పోయెను. ఆమె మార్గము కవిత్వము. కాని పదునారేండ్ల బాలికకు సంస్థానము విద్యావేతనమిచ్చి సముద్రము దాటించినదను మాట మనము మరువరాదు.

ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1896లో, మీర్ అహమ్మదలీ యను మరియొక యువకుడు సంస్థానపు వేతనముతో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు పోయెను. అప్పటికాయన వయస్సు పందొమ్మిదేండ్లు. ఆయన నేర్వగోరినది నీటిని నిలుపు విద్య. 1899లో తిరిగివచ్చి చిన్న ఇంజనీరుగా కొలువు చేరి, క్రమముగా ప్రధాన ఇంజనీరై, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూరు అను పేరుతో ప్రసిద్ధుడయ్యెను. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము ఆయన కృషియే. రెండు లక్షల డెబ్బదియైదువేల యెకరములకు నీరిచ్చుటకై దానిని నిర్మించిరి. పాలేరు, వైరా జలాశయములును ఆయన కాలమున వెలసినవే. ఆ నాడు ఖమ్మము ప్రత్యేక జిల్లా కాదు. 1953వరకు అది మన వరంగల్లు జిల్లాలోనిదే. కనుక ఆ నీటిని మొదట త్రాగినది మన జిల్లా పొలములే. ఒక్క విద్యార్థికై బొక్కసము కర్చుపెట్టిన సొమ్ముతో ఆ పంటల విలువను పోల్చి చూడుడు. ఆయన జన్మదినమగు జూలై 11వ తేదీని తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

ఇక, పరిశోధకునకు తీరిక లేకున్న నేమగునో చెప్పెదను. సికింద్రాబాదులో సైనిక వైద్యుడుగా నున్న రొనాల్డ్ రాస్ దొర, 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. ఆయనకు పరిశోధనకై ప్రత్యేక వేతనము లేదు. కొలువుపని ముగిసిన పిమ్మట ఆ యెండలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెడివాడు. హుసేన్‌ఖాన్ అను రోగిని దోమలచే కుట్టించుకొనుమని కోరి, ఒక్కొక్క దోమకు ఒక్కొక అణా చొప్పున తానే ఇచ్చెను. సంగతి ఇంతవరకు వచ్చిన పిమ్మట, కొలది వారములలోనే ఆయనను మలేరియా రోగులు దొరకని రాజపుత్రస్థానపు దూరప్రదేశమునకు బదిలీ చేసిరి. పని ఆగిపోయెను. 1898లో కలకత్తాలో ప్రత్యేకముగా పరిశోధనకే నియమించిన పిదప, కొన్ని నెలలలోనే, దోమ కాటువలన ఆ క్రిమి పక్షినుండి పక్షికి ఎట్లు సంక్రమించునో ఆయన పూర్తిగా నిరూపించెను. 1902లో నోబెలు బహుమానము వచ్చెను. మనిషి ఆతడే, బుద్ధి ఆతనిదే. ఒక యుత్తరువు పనిని ఆపినది. మరియొక యుత్తరువు తీరిక నిచ్చి పనిని ముగింపించినది. ఫెలోషిప్పు ఇచ్చునది ఈ తీరికనే.

ఇప్పుడు మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర. ఆయన 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించెను. సోదరులు స్ప్రూ అను గ్రహణివంటి రోగముతో మరణించుట ఆయన కన్నులార చూచెను. మదరాసులో వైద్యము చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించెను. పిదప అమెరికాకు పోవలెనని నిశ్చయించెను. చేతిలో ధనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధియు, మామగారును తోడ్పడిరి. బోస్టను నగరము చేరిన పిదప ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పనిచేసి పొట్టపోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను.

అచ్చట ఆయన చేపట్టిన ప్రశ్న చూచువారికి అల్పమైనది. దేహద్రవములలో భాస్వరము ఎంతయున్నదో తెలిసికొనుట యెట్లు? ఫిస్కె అను ఆచార్యునితో కూడి ఒక పద్ధతిని కనుగొనెను. ద్రవమునకు కొన్ని రసాయనములు కలిపినచో నీలిరంగు పుట్టును. రంగు చిక్కదనమునుబట్టి భాస్వరపు పరిమాణమును చెప్పవచ్చును. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఇరువురి పేరులతో శాస్త్రగ్రంథములలో నిలిచినది. ఆ కొలతయే దారిచూపగా, కండరములు పనిచేయుటకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములు బయటపడినవి. మనము నాగలి పట్టినను, బావిలో నీరు తోడినను కండరములకు శక్తినిచ్చునది ఆ ఏ.టి.పి.యే.

తరువాత లెడర్లె ఔషధసంస్థలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు మార్గము దొరకెను. గర్భిణులకు నేడు ఆరోగ్యకేంద్రములలో నిచ్చు బిళ్లలలో ఇనుముతోబాటు ఉండునది అదియే. సోదరులను హరించిన స్ప్రూ రోగమునకు ఆ ఆమ్లము చికిత్సయయ్యెను. బోదకాలునకు ఇచ్చు హెట్రజాన్ అను మందును 1947లో ఆయన బృందమునుండియే వచ్చినది. శిశువులకు వచ్చు రక్తపు క్యాన్సరును తాత్కాలికముగానైనను అణచవచ్చునని 1948లో బోస్టను వైద్యుడు ఫార్బరు చూపినది ఆయన బృందము పంపిన ఔషధముతోనే. ఆ సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి.

కాకినాడ ధర్మనిధి కార్యకర్తలకు భాస్వరపు లెక్క తెలియవలసిన పని లేకపోయినది. వారు నమ్మినది యువకుని పట్టుదలను. ఆ ధనము వెనుకకు కాకినాడకు రాలేదు; దాని ఫలము మాత్రము బోదకాలుతో బాధపడు గోదావరి పల్లెలకును వచ్చినది. అయితే ఒక సత్యమును దాచరాదు. సుబ్బారావుగారు మరల స్వదేశమును చూడలేదు. ఇంట ఉన్న భార్యయు, బంధువులును ఆ యెడబాటును భరించిరి. పరిశోధనకు మూల్యమును విద్యార్థి యొక్కడే చెల్లింపడు, ఇల్లును చెల్లించును. "సంపాదన యెప్పుడు?" అని అడుగు తండ్రి ఆ మూల్యమునే తలచుచున్నాడు.

ఆ భారమును తగ్గించుటకే స్వతంత్రదేశమున ఏర్పాట్లు జరిగినవి. 1942లో వెలసిన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా సి.ఎస్.ఐ.ఆర్., పరీక్షలో నెగ్గినవారికి జూనియర్ ఫెలోషిప్పు ఇచ్చుచున్నది. ఆ వేతనమును 2023 జనవరి 1వ తేదీనుండి నెలకు 37,000 రూపాయలుగను, రెండేండ్ల పిదప ఇచ్చు సీనియర్ వేతనమును 42,000 రూపాయలుగను నిర్ణయించిరి. 2018లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫెలోషిప్పు 70,000 రూపాయలతో మొదలైనది. మన యూరి సంగతి చూడుడు. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు ఇచ్చట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసిరి. అదియే 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యయ్యెను. పరిశోధనకై మన బిడ్డలు ఇప్పుడు ఓడ యెక్కనక్కరలేదు. కాజీపేట దారిలో బస్సు దిగిన చాలును.

వెదకదగిన ప్రశ్నలు లేవందురా? నిజాంసాగరము మొదట 29 టి.యం.సి.లకు పైగా నీరు నిలుపుటకు కట్టబడినది. పూడికచే ఆ సామర్థ్యము చాల తగ్గినది. పూడిక ఎచ్చటనుండి వచ్చుచున్నది? దానిని ఎట్లు ఆపవలెను? రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది. దాని ఇసుక పునాది, నీట తేలు ఇటుక నేటి ఇంజనీరునకు ఏమి నేర్పును? నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోవు వ్యాధిని నెల్లూరు ప్రాంతమున 1937లోనే వైద్యులు వర్ణించిరి. పటిక, సున్నము కలిపి ఆ దోషమును తగ్గించు పద్ధతిని నాగపురమునందలి పరిశోధన సంస్థ 1970ల దశకమున రూపొందించినది. దానికి "నల్గొండ పద్ధతి" యని పేరు. వ్యాధిని గుర్తించుటకును ఈ పద్ధతికిని నడుమ ముప్పదేండ్లకు పైగా గడచినవి. ఆ నడుమ పుట్టిన బిడ్డలు ఎందరు నడుము వంగి జీవించిరో తలచుకొనుడు. పరిశోధకులు లేకపోవుటకు మనము చెల్లించు వెల ఇట్టిది. జీతపు పట్టికలో ఇది కనబడదు.

కావున నా విన్నపము. మీ మనుమడు గాని, మనుమరాలు గాని పరిశోధనకు పోదునన్నచో, జీతమును గూర్చి తప్పక అడుగుడు; వేతనము ఎన్నియేండ్లు వచ్చును, ఆగినచో నేమి చేయుదువు అని కూడ అడుగుడు. దానితోబాటు "నీవు వెదకు ప్రశ్న యేమి?" అని అడుగుడు. దానిని మీకు తెలియునట్లు తెలుగులో చెప్పలేనివాడు ఇంకను సిద్ధము కాలేదని భావింపవచ్చును. చెప్పగలిగినచో, పెండ్లి తొందరయు, అప్పు తొందరయు పెట్టి ఆ యైదేండ్లను ముక్కలు చేయకుడు. ముఖ్యముగా ఆడపిల్లల విషయమున దీనిని మరువకుడు. పరిశోధన వయస్సును పెండ్లి వయస్సును ఒకే కాలమున వచ్చుటచే, నడుమ చదువు విడువవలసిన పరిస్థితి వారికే ఎక్కువ.

మరియు, కొలతకర్రతోనో, నీటిసీసాతోనో మీ యూరి చెరువుగట్టుపైకి ఒక యువకుడు వచ్చినచో, ప్రభుత్వపు లెక్కలవాడని తలచి పంపివేయకుడు. తూము ఎక్కడనున్నదో, ఏ యేట గండిపడెనో, ఏ బావి నీరు చేదైనదో మీకు తెలిసినంతగా ఏ గ్రంథమునకును తెలియదు. అతనికి వేతనము ప్రభుత్వమిచ్చుచున్నది. ఆ జ్ఞానమును ఇయ్యగలవారు మీరొక్కరే. పూర్వము దశబంధమిచ్చిన గ్రామములకు ఈపాటి దానము భారము కాదు.