గుండె మొగ్గు: మదనపల్లె సీమలో ఈసీజీ గీత

గుండె కొట్టుకునే ప్రతిసారీ, కండ ముడుచుకోవడానికి రవ్వంత ముందు, దానిలో సన్నని విద్యుత్తు పారుతుంది. కుడి కర్ణిక పైభాగంలో పుట్టి, నడిమి గోడ వెంట దిగి, రెండు జఠరికలకూ పాకుతుంది. ఎడమ జఠరిక కండ కుడిదానికంటే బాగా మందం. అందుకే ఆ పారుదలనంతా కలిపి ఒకే బాణంగా గీస్తే, దాని మొన ఎడమకూ కిందికీ తిరిగి ఉంటుంది. ఈ మొగ్గునే గుండె విద్యుదక్షం అంటారు. పుస్తకాల్లోని మాట అది. ఆసుపత్రిలో అందరి నోటా వినిపించేది ‘యాక్సిస్’.

తెలుగునాట, ఆ విద్యుత్తును గీసి చూపే ఈసీజీ రాకముందు, గుండె సంగతి చెప్పినవి మణికట్టు మీది మూడు వేళ్లు. ‘బసవరాజీయం’ నాడీ పరీక్షతోనే మొదలవుతుంది. వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందని శార్ఙ్గధరుడి కాలం నుంచీ వైద్యులు శిష్యులకు నేర్పారు. ఆ పోలికలను తేలిగ్గా కొట్టిపారేయనక్కర్లేదు. వేగం, లయ, బలం వేళ్లకు అందేవే. అందనిది దిక్కు ఒక్కటే. గుండెలో ఏ పక్క కండ బరువెక్కిందో మణికట్టు చెప్పదు.

దిక్కు తెలియాలంటే ముందు విద్యుత్తు కంటికి కనబడాలి. 1887లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అగస్టస్ వాలర్, మనిషి ఛాతీ కోయకుండానే గుండె విద్యుత్తును పాదరసపు గొట్టం కదలికలో చూపించాడు. తర్వాత తన పెంపుడు బుల్‌డాగ్ జిమ్మీ కాళ్లను ఉప్పునీటి పాత్రల్లో నిలబెట్టి పదిమంది ముందూ ప్రదర్శించాడు. 1909లో ఇది జంతుహింస అంటూ బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న లేచింది. ఆ పాత్రల్లో ఉన్నది మామూలు ఉప్పేనని హోంమంత్రి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. వాలర్‌కు మాత్రం ఈ గీత వైద్యానికి పెద్దగా పనికొస్తుందన్న నమ్మకం మొదట్లో లేదు.

నమ్మినవాడు లైడెన్‌లోని విలెమ్ ఐంథోవెన్. జావా దీవిలో పుట్టిన డచ్చివాడు. గీతలోని గుట్టలకూ లోయలకూ పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టింది ఆయనే. వెండి పూత పూసిన సన్నని క్వార్ట్జ్ పోగును పెద్ద విద్యుదయస్కాంతం నడుమ బిగించి 1901 నాటికి యంత్రం తయారు చేశాడు. అది సుమారు 270 కిలోల బరువు. నడపడానికి ఐదుగురు కావాలి. దాన్ని రోగి మంచం దగ్గరికి మోయడం కుదరని పని కాబట్టి, 1905లో ఆసుపత్రి నుంచి కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ మీద గుండె విద్యుత్తును రప్పించుకున్నాడు. యంత్రం ఒక చోట, రోగి ఒక చోట. ఈ ఏర్పాటు నూరేళ్లు దాటాక మరో రూపంలో మళ్లీ వచ్చింది.

అక్షం లెక్క 1913 నాటిది. రెండు చేతులు, ఎడమ కాలు మూడు మూలలుగా ఒక త్రిభుజం ఊహించుకుని, నడిమధ్య గుండెను పెట్టాడు ఐంథోవెన్. ఆ త్రిభుజంలో ఒక్కో భుజం ఒక్కో లీడ్. ఒకే కొండను మూడు ఊళ్ల నుంచి చూస్తే మూడు రూపాల్లో కనబడుతుంది. ఆ మూడింటినీ కలిపితే కొండ ఎటు వాలిందో తేలుతుంది. మదనపల్లె దగ్గరి గుర్రంకొండ కోటను చుట్టుపక్కల ఊళ్ల నుంచి చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఛాతీ మీది ఆరు లీడ్‌ల (వి1 నుంచి వి6) స్థానాలు 1938లో స్థిరపడ్డాయి. 1942లో గోల్డ్‌బర్గర్ ఏవీఆర్, ఏవీఎల్, ఏవీఎఫ్ లీడ్‌లను చేర్చడంతో లెక్క పన్నెండుకు చేరింది.

చదివే పద్ధతి అప్పటినుంచి పెద్దగా మారలేదు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతుంది. చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. లయ సమంగా ఉన్నప్పుడు రెండు ఆర్ మొనల నడుమ పెద్ద గడులు లెక్కపెట్టి, ఆ సంఖ్యతో 300ను భాగిస్తే నిమిషానికి గుండె వేగం వస్తుంది. నాలుగు గడులుంటే 75. అక్షానికి ముందు ఒకటో లీడ్‌నూ ఏవీఎఫ్‌నూ చూస్తారు. రెండింటిలోనూ జఠరికల అల పైకి లేస్తే మొగ్గు సరైనదే. ఒకటో లీడ్‌లో పైకి, ఏవీఎఫ్‌లో కిందికి ఉంటే రెండో లీడ్ చూడాలి; అదీ కిందికే ఉంటే ఎడమ మొగ్గు ఖాయం. ఒకటో లీడ్‌లో కిందికి, ఏవీఎఫ్‌లో పైకి ఉంటే కుడి మొగ్గు. డిగ్రీల్లో చెప్పాలంటే మైనస్ 30 నుంచి ప్లస్ 90 దాకా మామూలు. బక్కపలచని పొడగరికి గుండె నిలువుగా ఉండి మొగ్గు 90కి దగ్గరవుతుంది, అది జబ్బు కాదు. పురిటిబిడ్డకు కుడి మొగ్గే సహజం. కడుపులో ఉన్నన్నాళ్లూ కుడి జఠరికదే ఎక్కువ చాకిరీ.

పెద్దవాళ్లలో కుడి మొగ్గు కనబడితే చాలాసార్లు తప్పు గుండెది కాదు, ఊపిరితిత్తులది. మదనపల్లె ప్రస్తావన ఇక్కడే వస్తుంది. ఐంథోవెన్ త్రిభుజం అచ్చైన రెండేళ్లకు, 1915లో, మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం తెరుచుకుంది. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన ఆసుపత్రి అది. తొలి సూపరింటెండెంట్ డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్‌మొల్లర్. పొడి గాలి, ఎత్తు ప్రదేశం, విశ్రాంతి, మంచి తిండి: మందులు లేని రోజుల్లో వైద్యం ఇదే. దీనికి తోడు, జబ్బుపడిన ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి నింపి దాన్ని ముడిచిపెట్టే చికిత్స ప్రపంచమంతటి శానిటోరియాల్లో సాగింది. ఊపిరితిత్తి ముడుచుకుంటే గుండె తన చోటు నుంచి జరుగుతుంది, దాంతో అక్షమూ జరుగుతుంది. ఎడమ పక్క గాలి చేరితే గీత కుడి మొగ్గు చూపి, ఛాతీ లీడ్‌లలో అలలు పొట్టిబడతాయి. గుండెజబ్బేమీ లేకుండానే గుండెజబ్బు గీతలా కనబడే సందర్భం ఇది.

శానిటోరియం నీడన ఈ సీమ క్షయ పరిశోధనకు పేరుపడింది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు తొలిసారి వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి సర్వేలు జరిగాయి. మందులొచ్చాక క్షయ నయమైంది గానీ మచ్చలు కట్టిన ఊపిరితిత్తులు మిగిలాయి. వాటిలోకి రక్తం నెట్టలేక ఏళ్లతరబడి ఆయాసపడిన కుడి జఠరిక లావెక్కుతుంది. రెండో లీడ్‌లో పి అల ఎత్తు రెండున్నర చిన్న గడులు దాటి మొనదేలుతుంది, వి1లో ఆర్ ఎత్తవుతుంది, అక్షం కుడికి తిరుగుతుంది. ఇదే రోగం కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లలోనూ ఉందని గమనించినవారిలో ఢిల్లీ వైద్యురాలు ఎస్. పద్మావతి ముఖ్యురాలు. ఆమె అధ్యయనం 1959లో వెలువడింది.

ఎడమ మొగ్గు కథ వేరు. ఎడమ జఠరికకు పోయే విద్యుత్ దారుల్లో ముందు పాయ మూసుకుపోవడం, గుండె అడుగుభాగం దెబ్బతినడం, కొందరిలో పాత రక్తపోటు దాని కారణాలు. తెలుగు పల్లెల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది గుండెజబ్బులేనని గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన మరణాల లెక్క చూపింది. మూడో వంతుకు దగ్గరగా, 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే.

ఈలోగా యంత్రం చిక్కిపోయింది. 270 కిలోల సరంజామా సంచిలో పట్టేదాకా వచ్చింది. బెంగళూరులో జీఈ ఇంజినీర్లు రూపొందించిన ‘మ్యాక్ 400’లో టికెట్లు కొట్టే చిన్న ప్రింటర్ లాంటిదాన్ని వాడారు, ఆ యంత్రం బ్యాటరీతోనూ నడుస్తుంది. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల, తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చాక గీత చదివేవారు దగ్గరయ్యారు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో ఆంధ్రప్రదేశ్ గుండెపోటు రోగుల కోసం చేపట్టిన స్టెమీ కార్యక్రమంలో, చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రి నిపుణుడు దూరం నుంచే చూస్తాడు. అవసరమైతే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇప్పిస్తాడు.

దూరాన కూర్చున్నవాడు రోగిని చూడడు, వైర్లు తగిలించిన చేతిని చూడడు. అందుకని కుడి మొగ్గు కనబడగానే ముందు ఏవీఆర్ చూస్తాడు. ఎప్పుడూ కిందికే ఉండాల్సిన అల అక్కడ పైకి లేచి, ఒకటో లీడ్‌లో పి సహా అన్నీ తలకిందులైతే, కుడి చేతి క్లిప్పు ఎడమ చేతికి పడి ఉండొచ్చు. గుండె నిజంగానే కుడివైపు ఉన్నవారిలోనూ ఈ రెండు లీడ్‌లూ ఇలాగే కనబడతాయి. తేడా ఛాతీ లీడ్‌లు చెబుతాయి: గుండె కుడివైపుంటే వి1 నుంచి వి6కు పోయేకొద్దీ అలలు చిన్నబడతాయి, క్లిప్పులు తారుమారైతే అవి మామూలుగానే పెరుగుతాయి. అప్పుడు ఫోన్‌లో చెప్పే మాట ఒక్కటే: వైర్లు మార్చి మళ్లీ తీయండి.