ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్

కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ ఆంగ్ల నవల. తొలి ముద్రణ 1985. కథలో అమెరికా ప్రభుత్వాన్ని కూలదోసి గిలియడ్ అనే మతరాజ్యం ఏర్పడుతుంది. కాలుష్యం, రోగాల వల్ల సంతానం అరుదైపోవడంతో, బిడ్డను కనగల స్త్రీలను పెద్ద అధికారుల ఇళ్లకు కేటాయిస్తారు. ఈ హ్యాండ్‌మెయిడ్లకు చదవడం నిషిద్ధం. సొంత పేరు కూడా మిగలదు.

ఉరితీతల కన్నా గగుర్పాటు కలిగించే ఘట్టం బ్యాంకు ఖాతాలది. ఒక్కరోజులో ఆడవాళ్ల ఖాతాలన్నీ స్తంభిస్తాయి, ఉద్యోగాలు ఊడతాయి, డబ్బుపై హక్కు భర్తకో మగ బంధువుకో పోతుంది. కాగితపు నోట్లు అప్పటికే మాయమై సొమ్మంతా కంప్యూటర్లలోకి చేరిపోయింది కాబట్టే ఆ పని అంత తేలికైంది. 1985లో ఇది ఊహ. నేటి పాఠకుడికి అంత దూరపు మాట కాదు.

చరిత్రలో ఎక్కడా జరగనిదేదీ రాయకూడదన్నది ఆట్‌వుడ్ పెట్టుకున్న నియమం. 1966లో రొమేనియా పాలకుడు చౌషెస్కు గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించడం, న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ల మతపాలన, అమెరికా బానిసత్వం ఇందులో పోల్చుకోవచ్చు. రచన మొదలైంది బెర్లిన్ గోడ ఇంకా నిలిచి ఉన్న పశ్చిమ బెర్లిన్‌లో.

2017 నుంచి గర్భస్రావ ఆంక్షలను వ్యతిరేకించే అమెరికన్ మహిళలు నవలలోని హ్యాండ్‌మెయిడ్ల ఎర్రని అంగీ, తెల్లని టోపీతోనే నిరసనలకు దిగుతున్నారు. కొనసాగింపు నవల ‘ది టెస్టమెంట్స్’ 2019 బుకర్ బహుమతిని బెర్నార్డిన్ ఎవరిస్టో నవలతో కలిసి పంచుకుంది.