ఘాట్ రోడ్డులో బ్రేకు ఎందుకు పట్టు తప్పుతుంది?

కోలారు, ముళబాగిలు ప్రాంతాల తెలుగు కుటుంబాలు తిరుపతికి కారులో బయలుదేరితే పలమనేరు దాటిన తరువాత మొగిలి ఘాట్ దిగవలసి ఉంటుంది. కోరాపుట్ నుండి సాలూరు వచ్చేవారికి సుంకి ఘాట్, ధర్మపురి నుండి సేలం వెళ్ళేవారికి తొప్పూరు కనుమ తప్పవు. ఇటువంటి దారులలో ప్రమాదం జరిగినప్పుడు "బ్రేకు ఫెయిలైంది" అన్న మాట తరచుగా వినబడుతుంది. ఆ మాట వినగానే ఏదో గొట్టం తెగిందనుకోవడం సహజం. కాని ఏదీ తెగకుండా, ఒక్క చుక్క కారకుండా కూడా బ్రేకు పట్టు తప్పుతుంది.

బ్రేకు చేసే పని బండి వేగాన్ని ఉష్ణంగా మార్చడం. తిరుమల నుండి తిరుపతికి దిగుడు సుమారు 700 మీటర్లు. మనుషులతో, సామానుతో కలిపి 1200 కిలోలున్న కారు అంత ఎత్తు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి, 30 డిగ్రీల వద్ద ఉన్న సుమారు 28 లీటర్ల నీటిని మరిగించడానికి చాలినంత. గాలి నిరోధం, టైర్ల ఘర్షణ అందులో కొంత భాగాన్ని హరిస్తాయి. మిగిలినదాన్ని ఇంజను భరించాలి, లేదా బ్రేకులు భరించాలి. డ్రైవరు న్యూట్రల్‌లో దిగితే ఆ భారమంతా బ్రేకుల మీదనే పడుతుంది.

పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండరులోని ద్రవం మీద పీడనం కలుగుతుంది. హైస్కూలు పాఠంలోని పాస్కల్ నియమం ప్రకారం ఆ పీడనం సన్నని గొట్టాల ద్వారా నాలుగు చక్రాలకూ చేరి, డిస్కుల మీద ప్యాడ్లను, డ్రమ్ములలో షూలను అదుముతుంది. ద్రవం అణగదు కాబట్టే కాలి బలం చక్రం దాకా చేరుతుంది. ఆ ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే కాలి బలమంతా బుడగలను నొక్కడానికే ఖర్చవుతుంది. పెడల్ మెత్తబడి అడుగుకు దిగిపోతుంది. ఇది ఒక రకం. ప్యాడ్లు, లైనింగులు అతిగా కాగి ఘర్షణ కోల్పోవడం రెండవ రకం. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం నిలవదు.

ఆ ద్రవాన్ని తెలుగునాట, తమిళనాట, కన్నడనాట కూడా "బ్రేక్ ఆయిల్" అనే పిలుస్తారు. నిజానికి సాధారణంగా వాడేది నూనె కాదు. ఆ పేరును నమ్మి ఇంజను ఆయిల్ పోసినవారి బండిలో రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకు వ్యవస్థ పాడవుతుంది. ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. రబ్బరు గొట్టాల గుండా సైతం తేమ క్రమంగా చేరుతుంది. ప్రమాణాల ప్రకారం డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్-4 రకానికి ఈ అంకెలు 230, 155. ఊరిలో, చదునైన రోడ్డు మీద ఈ తేడా ఎవరికీ తెలియదు. ఘాట్‌లోనే బయటపడుతుంది.

అందుచేత చాలా కంపెనీల పుస్తకాలు రెండేళ్ళకొకసారి ఈ ద్రవాన్ని పూర్తిగా మార్చమంటాయి. డబ్బాలో మట్టం తగ్గిందని పైన కొంచెం పోసి ఊరుకోవడం మార్చడం కాదు. మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. ముందు కారణం చూడాలి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల దరికి వస్తే మార్చవలసినదే. ఎప్పుడో మూత తెరిచిన డబ్బాలోని ద్రవం వాడరాదు, అది అప్పటికే తేమ పీల్చి ఉంటుంది. రంగు మీద ఒలికితే రంగు లేస్తుంది కనుక వెంటనే నీళ్ళతో కడగాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు టైర్లు చూస్తారు, పాటల పెట్టె చూస్తారు, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగేవారు అరుదు.

ఇక దిగే పద్ధతి. ఏ గేరులో ఎక్కవలసిన వాలో ఆ గేరులోనే దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం, కారుకూ అదే వర్తిస్తుంది. తక్కువ గేరులో ఇంజనే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది. దిగుడంతా పెడల్ మీద కాలు ఆనించి ఉంచరాదు. గట్టిగా నొక్కి వేగం తగ్గించి, కాలు తీసివేస్తే బ్రేకులకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం వట్టి భ్రమ. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దాదాపు ఆగిపోతుంది; న్యూట్రల్‌లో మాత్రం ఇంజను తిరగడానికి ఖర్చవుతూనే ఉంటుంది. ఇంజను ఆపి దిగడం మరీ ప్రాణాంతకం. పెడల్‌కు సాయపడే బూస్టరులోని శూన్యం రెండు మూడు నొక్కులతో అయిపోతుంది, పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, తాళంచెవి తీస్తే స్టీరింగ్ బిగిసిపోవచ్చు.

పెడల్ దిగిపోయినట్లు తెలిస్తే దాన్ని వెంటవెంటనే పలుమార్లు తొక్కాలి. కొంత పట్టు తిరిగి రావచ్చు. గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించాలి. హ్యాండ్ బ్రేకును బటను నొక్కి పట్టుకొని మెల్లగా లాగాలి, ఒక్కసారి గుంజితే వెనుక చక్రాలు జారుతాయి. మరో దారి లేనప్పుడు లోయ వైపు కాక కొండ వైపు గట్టుకు బండిని రాయడం మేలు. బండి నిలిచిన తరువాత కాగిన డిస్కుల మీద నీళ్ళు చల్లరాదు, పగుళ్ళు రావచ్చు. అరగంటకో గంటకో చల్లారాక ఆవిరి తిరిగి ద్రవమై పెడల్ మునుపటివలె గట్టిపడుతుంది. బాగైందని ప్రయాణం కొనసాగించేవారు ఇక్కడే మోసపోతారు. గొట్టాలలోని నీరు ఎక్కడికీ పోలేదు, మరి రెండు మలుపులు తిరిగేసరికి అది మళ్ళీ మరుగుతుంది. పిల్లలతో, పెద్దలతో ఉన్నవారు బస్సులో కిందికి దిగి, బండి దగ్గరకు మెకానిక్‌ను రప్పించి ద్రవం మార్పించడమో, బండిని లాగించుకుపోవడమో చేయాలి.