మూసిన తలుపు

1790 వ సంవత్సరము మార్చి నెలలో, ఇంగ్లండునందలి లీడ్సు పట్టణవాసియగు హన్నా మిల్సు అను వితంతువు విషాదరోగపీడితురాలై యార్కు నగరపు ఉన్మాదశాలలో జేర్పబడెను. ఆమె క్వేకరు మతస్థురాలు. ఆ మతమువారు చూడబోగా అధికారులు లోనికి బోనీయలేదు. కొలది వారములకే యామె మృతినొందెను. లోపల నేమి జరిగెనో బయటివా రెరుగరు.

ఈ మరణము విలియం ట్యూకు అను తేయాకు వర్తకుని కలచివైచెను. అతడు వైద్యుడు గాడు. అయినను తనవారి నొప్పించి 1796 లో యార్కు చెంత 'రిట్రీటు' అను ఆశ్రయమును నెలకొల్పెను. అచ్చట గొలుసు లుపయోగింపలేదు. విషాదగ్రస్తులకు వెచ్చని స్నానము, నిద్రపట్టనివారికి నల్లమందునకు మారుగ కడుపునిండ రాత్రిభోజనము, పగటివేళ చేతికి పని యేర్పరచిరి. ముంగిళ్లలో కుందేళ్లను, కోళ్లను పెంచిరి. పర్యవేక్షకురాలు రోగులను తేనీటి విందునకు బిలుచుచుండెడిది. ట్యూకు మనుమడు శామ్యూలు 1813 లో ఈ పద్ధతిని గ్రంథముగ ప్రకటించెను.

లోపములును గలవు. ఉద్రేకించినవారిని పట్టీలతో బంధించుట యచ్చటను గలదు. గొలుసులకు బదులు భయమును మనస్సులోనే నాటిరని 1961 లో ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో విమర్శించెను. ఆ విమర్శను మేము త్రోసివేయజాలము.

అయినను ఈ చరిత్ర మన యిండ్లను తాకుచున్నది. పుత్రశోకమున గుందువారిని, మద్యమునకు లోబడినవారిని, లోకు లేమందురో యను సిగ్గుచే మనము వెనుకగదిలో దాచుచున్నాము. వైద్యుని బిలుచుట విధియే. అతడు వెడలిన పిదప ఆ తలుపు తెరచి ప్రక్కన గూర్చుండువా రెవరో పాఠకు లాలోచింతురు గాక!