నైజీరియా–ఇండోనేసియా వాణిజ్యం

పశ్చిమ ఆఫ్రికాలో చమురు ఎగుమతి చేసే నైజీరియాకూ, ఆగ్నేయాసియాలో అతి పెద్ద ఆర్థిక వ్యవస్థ అయిన ఇండోనేసియాకూ మధ్య సాగే సరుకుల రాకపోకలివి. కస్టమ్స్ లెక్కల్లో చూస్తే ఇది దాదాపు ఒకే సరుకు వ్యాపారం. నైజీరియా ముడి చమురు పంపుతుంది, ఇండోనేసియా డాలర్లు చెల్లిస్తుంది. అందుకే చాలా ఏళ్ళుగా మిగులు నైజీరియా వైపే కనిపిస్తుంది. బజారుకు వెళ్ళి చూస్తే మాత్రం సంగతి వేరు. జావాలో మోటారు సైకిల్లో పెట్రోలు పోయించుకునే మనిషికి అందులో నైజీరియా పాలు ఎంతో తెలిసే వీలు లేదు. లాగోస్‌లో మాత్రం బడికి వెళ్ళే పిల్లవాడికి కూడా ‘ఇండోమీ’ నూడుల్స్ తెలుసు. ఆ మాటలో ‘ఇండో’ అంటే ఏమిటో తెలియాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

నూనె నదులు

ఈ రెండు దేశాల కథ పెట్రోలియంతో మొదలు కాలేదు, పామాయిల్‌తో మొదలైంది. పంతొమ్మిదో శతాబ్దంలో నైగర్ డెల్టాను ఇంగ్లీషు వర్తకులు ‘ఆయిల్ రివర్స్’ అని పిలిచేవారు. 1885లో బ్రిటన్ అదే పేరుతో అక్కడ రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. ఇప్పుడు చదివితే జోస్యంలా ఉంటుంది గానీ, ఆ ‘ఆయిల్’ భూమిలోది కాదు, చెట్టుది. బానిసల వ్యాపారం ఆగాక బ్రిటన్ కర్మాగారాలకు సబ్బుల కోసం, కొవ్వొత్తుల కోసం, యంత్రాల కందెన కోసం ఆ ఎర్రటి నూనె పీపాలకు పీపాలు కావలసి వచ్చింది. లోపలి ఊళ్ళకూ తీరంలోని ఓడలకూ నడుమ నిలబడి ఈ వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకున్నవాడు ఒపోబో రాజు జాజా. తెల్ల వర్తకులు తనను దాటుకుని లోపలికి పోవడానికి ఒప్పుకోనందుకు 1887లో అతన్ని పట్టుకుని దేశం దాటించారు.

కాకతాళీయమే అయినా, అదే 1885లో ఉత్తర సుమత్రాలోని తెలగా సయీద్ దగ్గర డచ్చివాళ్ళు తవ్విన బావిలో పెట్రోలియం పడింది. అంటే నూనె పేరు నైజీరియాకు అధికారికంగా వచ్చిన ఏడే అసలు చమురు ఇండోనేసియాలో పైకి వచ్చింది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా సాగిన కాలంలో ఈ రెండు నూనెలూ చోటు మార్చుకున్నాయి.

చెట్టు ముందుగా కదిలింది. 1848లో జావాలోని బోగోర్ వృక్షోద్యానానికి నాలుగు ఆయిల్ పామ్ మొక్కలు చేరాయి. రెండు హిందూ మహాసముద్రపు దీవుల నుంచి, రెండు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చాయి. మూలం ఆఫ్రికాయే. అరవై ఏళ్ళ పాటు అవి అలంకారానికి పెంచే చెట్లుగానే ఉండిపోయాయి. సుమత్రా తూర్పు తీరంలోని దెలి ప్రాంతంలో పొగాకు తోటల బాటల పక్కన నాటితే కాపు బాగా రావడం గమనించారు. కాంగోలో పనిచేసి వచ్చిన బెల్జియం దేశస్థుడు ఏడ్రియన్ హాలే 1911లో వాణిజ్య తోట వేశాడు. ఆగ్నేయాసియా తోటల్లో ‘దెలి దురా’ రకం ఆ నాలుగు మొక్కల సంతతే. ఆ తర్వాత కూడా ఆఫ్రికా రుణం తీరలేదు. మలేసియాలో పూలకు చేత్తో పుప్పొడి అద్దే కూలీల ఖర్చు తగ్గించడానికి 1981లో నైజీరియా పొరుగున ఉన్న కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగును తెచ్చి తోటల్లో వదిలారు. కొన్నాళ్ళకు అది ఇండోనేసియాకూ చేరింది. చెట్టు అక్కడికి వచ్చిన నూట ముప్పై ఏళ్ళకు గానీ దాని పురుగు రాలేదు!

స్వాతంత్ర్యం వచ్చిన 1960 నాటికి ప్రపంచ పామాయిల్‌లో నైజీరియాదే మొదటి స్థానం. అరవైల మధ్యలో మలేసియా ఎగుమతుల్లో ఆ స్థానం లాక్కుంది. 1967–70 అంతర్యుద్ధం జరిగింది సరిగ్గా ఆయిల్ పామ్ దట్టంగా పెరిగే తూర్పు ప్రాంతంలోనే. డెబ్బైలలో పెట్రోలియం డబ్బు వచ్చిపడ్డాక తోటల వైపు చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. 2006 ప్రాంతంలో ఇండోనేసియా ఉత్పత్తిలో మలేసియాను కూడా దాటేసింది. ఇప్పుడు ఇండోనేసియా ఏటా 4 కోట్ల టన్నులకు పైగా తీస్తుంటే, నైజీరియా 15 లక్షల టన్నుల దగ్గరే ఉండి, లోటును దిగుమతులతో పూడ్చుకుంటోంది.

అయితే ఆ దిగుమతి నూనె నైజీరియా వంటింట్లోకి అనుకున్నంత తేలిగ్గా పోలేదు. పండ్లను ఉడకబెట్టి, దంచి, పిండి తీసిన ఎర్రటి చిక్కని రసానికి ఒక వాసన, ఒక ఘాటు ఉంటాయి. డెల్టా ప్రాంతపు బంగా సూప్‌కు కావలసింది అదే. ఆగ్నేయాసియా నుంచి శుద్ధి చేసి రంగు తీసేసి వచ్చే నూనె దానికి పనికిరాదు. అది వేపుళ్ళకు, సబ్బు కర్మాగారాలకు, బిస్కట్లు, నూడుల్స్ చేసేవాళ్ళకు పోతుంది. గానుగ నువ్వుల నూనె పోసి కలిపిన ఆవకాయకూ ప్యాకెట్ నూనెతో కలిపినదానికీ తేడా తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఒపెక్ బల్ల దగ్గర

1907లో ఏర్పడిన రాయల్ డచ్ షెల్‌కు సుమత్రా చమురు ఒక పునాది. 1956లో నైగర్ డెల్టాలోని ఒలోయిబిరిలో చమురు కనుగొన్నది కూడా షెల్, బ్రిటిష్ పెట్రోలియం కలిసి నడిపిన సంస్థే. 1958లో ఎగుమతి మొదలైంది. చమురు ఎగుమతి దేశాల సంఘమైన ఒపెక్‌లో ఇండోనేసియా 1962లో, నైజీరియా 1971లో చేరాయి. ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిసిన 1955 నాటి బాండుంగ్ సమావేశానికి నైజీరియా రాలేదు, అప్పటికింకా అది బ్రిటిష్ వలస. చమురు అమ్మేవాళ్ళుగా ఇద్దరూ సమాన హోదాతో కూర్చున్న బల్ల ఒపెక్‌ది. ఇండోనేసియాకు చెందిన సుబ్రోతో 1988 నుంచి 1994 వరకు, ఆయన తర్వాత నైజీరియాకు చెందిన రిల్వాను లుక్మన్ ఆ సంస్థ ప్రధాన కార్యదర్శులుగా పనిచేశారు.

అప్పట్లో ఇద్దరి మధ్య వ్యాపారం నామమాత్రం. ఇద్దరూ ఒకే సరుకు అమ్మేవాళ్ళు, ఇద్దరి కొనుగోలుదారులూ ధనిక దేశాలే. ఒకే వీధిలో రెండు ఉప్పు బళ్ళు ఎదురైతే ఎవరు ఎవరి దగ్గర కొంటారు?

ఈ పరిస్థితిని మార్చింది దౌత్యం కాదు, సుమత్రా బావుల వయసు. ఇండోనేసియా ఉత్పత్తి డెబ్బైలలోనూ తొంభైలలోనూ రోజుకు 16 లక్షల బ్యారెళ్ళ దాకా వెళ్ళి, తర్వాత జారుతూ వచ్చి ఇప్పుడు 6 లక్షల దగ్గర ఉంది. జనం మాత్రం మోటారు సైకిళ్ళు కొంటూనే ఉన్నారు. 2004 నాటికి చమురు అమ్మే దేశం కొనే దేశమైంది. 2009 మొదట్లో ఒపెక్ నుంచి బయటికి వచ్చింది, 2016 జనవరిలో తిరిగి చేరింది, అదే ఏడు నవంబరులో ఉత్పత్తి తగ్గించమంటే కుదరదని మళ్ళీ పక్కకు తప్పుకుంది. దిగుమతి చేసుకుంటున్న దేశాన్ని ఉత్పత్తి తగ్గించమని అడిగే సంఘంలో ఉండడం కష్టమే మరి.

కొనాల్సివచ్చినప్పుడు నైజీరియా చమురే ఎందుకు? ఇండోనేసియా పాత శుద్ధి కర్మాగారాల్లో చాలావాటిని సొంత బావుల తేలికపాటి, గంధకం తక్కువున్న చమురుకు తగ్గట్టు కట్టారు. గల్ఫ్ నుంచి వచ్చేది ఎక్కువగా గంధకం ఎక్కువున్న రకం, దాన్ని శుద్ధి చేయడానికి అదనపు యంత్రాలు కావాలి. నైజీరియా బోనీ లైట్, క్వా ఇబోయె, ఎస్క్రావోస్ రకాలలో గంధకం చాలా తక్కువ. దూరం ఎక్కువే. గినీ సింధుశాఖలో నింపుకున్న ట్యాంకరు గుడ్ హోప్ అగ్రం చుట్టి, హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా దాటి జావా చేరడానికి దాదాపు నెల పడుతుంది. అయినా పాత కర్మాగారాన్ని మార్చి కట్టడం కంటే ఓడ కిరాయి చవక. ఈ కొనుగోలు ఏటా ఒకేలా ఉండదు. ధర, డెల్టాలో పైపులైన్ల దొంగతనాలు, ఇండోనేసియా ప్రభుత్వ చమురు సంస్థ పెర్టమినా టెండర్లు, వీటిని బట్టి పెరుగుతూ తరుగుతూ వచ్చింది.

ఇద్దరికీ ఉన్న మరో పోలిక చెప్పకపోతే ఈ భాగం పూర్తి కాదు. ముడి చమురు ఉండీ రెండూ పెట్రోలు దిగుమతి చేసుకున్నాయి, రెండూ సబ్సిడీ ఇచ్చాయి, రెండూ దాన్ని తీసేయబోయి చేతులు కాల్చుకున్నాయి. 1998 మేలో ఇంధన ధర పెంచిన కొద్ది వారాల్లోనే ఇండోనేసియా అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాడు. 2012 జనవరిలో నైజీరియా జనం వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాన్ని సగం వెనక్కి తగ్గించారు. అక్కడ సబ్సిడీ 2023 మేలో గానీ పోలేదు.

ప్యాకెట్లో వచ్చిన ఇండోనేసియా

1988లో తోలారామ్ అనే సంస్థ ఇండోమీ నూడుల్స్‌ను నైజీరియాలోకి తెచ్చింది. తోలారామ్ పుట్టింది 1948లో తూర్పు జావాలోని మలాంగ్ ఊళ్ళో, ఒక సింధీ కుటుంబపు బట్టల కొట్టుగా. తర్వాత అది సింగపూర్ కేంద్రంగా పెరిగింది. ఇండోమీ పేరు ఇండోనేసియాలోని సలీమ్ గ్రూపుది. నైజీరియాలో అప్పట్లో సైనిక పాలన, పడిపోతున్న నాయిరా విలువ. నూడుల్స్ అంటే ఏమిటో జనానికి తెలియదు, పురుగుల్లా ఉన్నాయని మొహం తిప్పుకున్నవాళ్ళూ ఉన్నారట. 1995లో లాగోస్ పక్కనే ఒగున్ రాష్ట్రంలోని ఓటాలో కర్మాగారం పెట్టారు. అక్కడి నుంచి దిగుమతి సరుకు స్థానిక సరుకైంది. ఇప్పుడు నైజీరియాలో ఏ కంపెనీ నూడుల్స్‌నైనా ఇండోమీ అనే అంటారు, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు.

రాత్రి పూట వీధి మూలన ‘మయ్ షాయి’ బండి చూస్తే ఇది అర్థమవుతుంది. హౌసాలో ఆ మాటకు టీ అమ్మేవాడని అర్థం. చెక్క బల్ల, కిరోసిన్ లేదా గ్యాస్ పొయ్యి, డబ్బా పాలు, రొట్టెలు, గుడ్ల అట్టలు, తీగకు తోరణంలా వేలాడదీసిన ఇండోమీ ప్యాకెట్లు. ఉల్లిపాయలు, మిరపకాయలు కోసి వేసి, నూడుల్స్ ఉడికించి, పక్కనే రెండు గుడ్ల ఆమ్లెట్ పోసి ఇస్తాడు. ఆ ప్యాకెట్లోని గోధుమ రెండు దేశాల్లో దేని నేలదీ కాదనే చెప్పాలి. ఇండోనేసియాలో గోధుమ పండదు, నైజీరియాలో పండేది చాలా తక్కువ. నూడుల్స్‌ను కర్మాగారంలో వేయించే నూనె మాత్రం పామాయిల్. నైజీరియా దగ్గర పుట్టిన చెట్టు నూనెలో వేగి, ఇండోనేసియా పేరు పెట్టుకుని, మళ్ళీ నైజీరియా వీధిలోకే వచ్చింది.

పెట్టుబడి దారిలో వచ్చిన మరో పేరు ఇండోరామా. భారతీయ మూలాలున్న లోహియా కుటుంబం 1975లో ఇండోనేసియాలో నూలు మిల్లుగా మొదలుపెట్టిన సంస్థ ఇది. 2006లో పోర్ట్ హార్‌కోర్ట్ దగ్గరి ఎలెమె పెట్రోకెమికల్స్‌ను ప్రభుత్వం అమ్మితే కొని నడిపింది, తర్వాత పక్కనే యూరియా కర్మాగారం కట్టింది.

బట్టల వ్యాపారానికి ఇంతకంటే పొడుగైన చరిత్ర ఉంది. నైజీరియాలో ‘అంకారా’ అనే రంగుల మైనపు అద్దకం బట్ట జావా బాటిక్‌ను డచ్చి మిల్లులు అనుకరించగా పుట్టింది. అంతకు ముందు కోరమాండల్ తీరపు నేత బట్టలు ఇటు జావాకూ మసాలా ద్వీపాలకూ అటు గినీ తీరానికీ యూరోపియన్ ఓడల్లో వెళ్ళేవి. మచిలీపట్నంలో డచ్చివాళ్ళ స్థావరం ఆ వ్యాపారం కోసమే. 1998లో ఇండోనేసియా కరెన్సీ రుపియా కుప్పకూలి, ఇండోనేసియా సరుకు డాలరు చేతిలో ఉన్నవాడికి కారుచవక కావడంతో నైజీరియా, ఇతర పశ్చిమాఫ్రికా వ్యాపారులు జకార్తాలోని తనా అబాంగ్ బజారుకు రావడం పెరిగింది. రెడీమేడ్ దుస్తులు డజన్ల లెక్కన బేరమాడి, మూటలు గట్టిగా కట్టించి, కార్గో ఏజెంట్ల చేతికిచ్చి ఊరికి పంపుతారు. ఈ వ్యాపారంలో ఎంత భాగం అధికారిక లెక్కల్లోకి వస్తుందో ఊహించుకోవచ్చు.

ఒప్పందాలు, ఆంక్షలు

కాగితాల మీద సఖ్యతకు లోటు లేదు. 1997లో ఇస్తాంబుల్‌లో ఏర్పడిన వర్ధమాన దేశాల డి-8 కూటమిలో ఇద్దరూ ఉన్నారు. 2006లో ఆ కూటమి సుంకాల ఒప్పందం మీద బాలిలో సంతకాలయ్యాయి, 2010 శిఖరాగ్ర సమావేశం అబుజాలో జరిగింది. 2013లో ఇండోనేసియా అధ్యక్షుడు సుసిలో బాంబాంగ్ యుధొయోనో నైజీరియా వెళ్ళాడు. 2025లో ఇండోనేసియా బ్రిక్స్ సభ్య దేశమైంది, నైజీరియా భాగస్వామి దేశమైంది. వ్యాపారాన్ని నిజంగా కదిలించినవి మాత్రం ఎవరికి వారు చేసుకున్న నిర్ణయాలు. 2015 జూన్‌లో నైజీరియా కేంద్ర బ్యాంకు 41 రకాల సరుకుల దిగుమతికి డాలర్లు ఇవ్వనంది. అందులో పామాయిల్ ఉంది. ఆ ఆంక్ష 2023 అక్టోబరు దాకా సాగింది. 2022 ఏప్రిల్ చివర ఇండోనేసియా తన జనానికి వంటనూనె ధర తగ్గించాలని పామాయిల్ ఎగుమతే ఆపేసింది. మూడు వారాలు దాటాక తెరిచింది. ఏలూరు దగ్గరి పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉండి, దేశంలో అందరికంటే ఎక్కువగా ఆ పంట పండించే ఆంధ్రప్రదేశ్‌లో సైతం ఆ వారాల్లో ప్యాకెట్ నూనె ధర ఇంటింటి మాటయింది.

లాగోస్ శివార్లలోని లెక్కిలో రోజుకు ఆరున్నర లక్షల బ్యారెళ్ళు శుద్ధి చేసే డాంగోటే కర్మాగారం 2024 జనవరిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. జావా వైపు వెళ్ళే బోనీ లైట్‌కు ఇప్పుడు సొంత ఊళ్ళోనే గిరాకీదారు ఉన్నాడు. ఆ కర్మాగారం కడుపు నింపడానికి డెల్టా చమురు చాలక, అదే ఏడు అమెరికా నుంచి ముడి చమురు ఓడలు లెక్కి తీరానికి వచ్చాయి.